మూడో నెల దాకా ఆగవద్దు

మన పల్లెల్లో ఒక అలవాటు ఉంది. కోడలు నెల తప్పినా మూడో నెల నిండేవరకు ఆ మాట ఇల్లు దాటనివ్వరు. దిష్టి తగులుతుందని కొందరు, నిలుస్తుందో లేదో చూద్దామని కొందరు ఆగుతారు. గర్భస్రావాలు ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లోనే కనుక ఈ అలవాటు వెనుక పెద్దల అనుభవం లేకపోలేదు. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే వచ్చే నష్టం కూడా ఏమీ లేదు. నర్సుకు, డాక్టరుకు కూడా చెప్పకుండా ఉంటేనే నష్టం. ఎందుకంటే బిడ్డ అవయవాలన్నీ రూపుదిద్దుకొనేది ఆ మూడు నెలల్లోనే.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

డాక్టర్లు గర్భాన్ని చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుండి లెక్కిస్తారు. 28 రోజులకు ఒకసారి బహిష్టు అయ్యే స్త్రీకి నెల తప్పిన రోజుకే 4 వారాలు నిండినట్లు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం 6 వారాలు నిండేసరికి మూసుకుంటుంది. గుండె కొట్టుకోవడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతుంది. అంటే నెల తప్పిన తరువాత రెండు వారాలకే ఇంత పని జరిగిపోతుంది. మూడో నెల నిండాక ఆస్పత్రికి వెళ్ళే తల్లి ఈ ఘట్టం దాటి వెళ్ళినట్లే.

అందుకే ప్రతి స్త్రీ తన తేదీ గుర్తుంచుకోవాలి. గోడకున్న క్యాలెండరు మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ తేదీకి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు ఇంచుమించు ఎప్పుడో తెలుస్తుంది. జనవరి 10న బహిష్టు అయితే అక్టోబరు 17 అన్నమాట.

శరీరం చెప్పే గుర్తులు

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు నెల తప్పడం. ప్రతి నెలా సరిగా బహిష్టు అయ్యే స్త్రీకి వారం రోజులు దాటితే పరీక్ష చేయించుకోవాలి.

రొమ్ములు బరువెక్కి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటాయి. చనుమొనల చుట్టూ నలుపు పెరుగుతుంది. పెద్దగా పని చేయకపోయినా ఒళ్ళు అలసిపోతుంది, పగలు నిద్ర ముంచుకొస్తుంది. మూత్రానికి మాటిమాటికీ వెళ్ళవలసి వస్తుంది. అయితే మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం ఉంటే అది గర్భం గుర్తు కాదు. దానికి వేరే వైద్యం అవసరం.

వేవిళ్ళు సాధారణంగా 5, 6 వారాల మధ్య మొదలై, 9వ వారం ప్రాంతంలో ఎక్కువగా ఉండి, నాలుగో నెలలో తగ్గుతాయి. పొద్దుటి పూటే రావాలని లేదు. పోపు వాసన, చేపల వాసన, కిరోసిను వాసన ఏదైనా తిప్పవచ్చు. కొందరికి వాంతులు ఒక్కటీ కావు. వాంతులు లేవు కనుక కడుపు కాదని అనుకోకూడదు.

పులుపు మీద కోరిక పుడితే నవ్వుకొని ఊరుకోవచ్చు. కాని మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపిస్తే రక్తహీనత ఉందేమో చూపించుకోవాలి. అలా తినే చాలామందిలో రక్తం తక్కువగానే ఉంటుంది.

పొరబడే సందర్భాలు

కొన్నిసార్లు బహిష్టు రావలసిన రోజుల్లో రెండు మూడు చుక్కలు కనిపించి ఆగిపోతాయి. అది బహిష్టే అనుకొని నెల రోజులు పొరబడేవారున్నారు. ఎప్పటిలా కాకుండా తక్కువగా అయితే అనుమానించాలి.

చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లికి కాన్పు తరువాత ఒక్కసారి కూడా బహిష్టు కాకుండానే మళ్ళీ గర్భం రావచ్చు. నలభై దాటిన స్త్రీ ముట్లుడిగే వయసు వచ్చిందనుకొని నాలుగైదు నెలలు గడిపేయవచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషను అయినా, కాపర్ టి ఉన్నా, అరుదుగానైనా గర్భం వచ్చే అవకాశముంది. అలా వచ్చినది గర్భసంచి బయట పెరిగే ప్రమాదం ఎక్కువ కనుక వీరు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

మరోవైపు, నెల తప్పినంత మాత్రాన గర్భం అని కాదు. థైరాయిడు జబ్బు, అండాశయాల్లో నీటి బుడగలు, బాగా చిక్కిపోవడం, తీవ్రమైన దిగులు కూడా బహిష్టును ఆపుతాయి. సంతానం కోసం ఎదురుచూస్తున్న కోడలిని ప్రతి నెలా ‘ఏమైనా విశేషమా?’ అని అడగడం ఆమె దిగులును పెంచుతుందే తప్ప మేలు చేయదు.

ఇంట్లోనే పరీక్ష

గర్భం గోడకు అంటుకున్నాక మాయ తయారయ్యే కణాల నుండి ఒక హార్మోను పుడుతుంది. అది మూత్రంలోకి దిగుతుంది. మందుల షాపులో దొరికే చిన్న కిట్టు దానినే పట్టుకుంటుంది. ‘నిశ్చయ్’ అనే ప్రభుత్వ కిట్టును ఆశా కార్యకర్త ద్వారా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

ఉదయం లేవగానే వచ్చే మూత్రం మేలు. చీటీలో రాసినన్ని చుక్కలు వేసి, రాసినన్ని నిమిషాలు ఆగాలి. రెండు గీతలు వస్తే గర్భం. రెండో గీత లేతగా ఉన్నా గర్భం కిందే లెక్క. ‘సి’ దగ్గర ఒక్క గీతే వస్తే ఇంకా కనబడలేదని అర్థం. బహిష్టు రాకపోతే వారం తరువాత మళ్ళీ చేయాలి. ‘సి’ దగ్గర గీతే రాకపోతే కిట్టు పాడైంది.

తెలిసిన వెంటనే

గ్రామంలోని ఏ.ఎన్.ఎం. దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. 12 వారాలలోపే ఇది జరగాలి. తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. రక్తం, బరువు, రక్తపోటు, మూత్రం పరీక్షిస్తారు. కాన్పులోగా కనీసం నాలుగుసార్లు పరీక్షలు అవసరం. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు డాక్టరు చేత ఉచితంగా పరీక్షలు చేయిస్తున్నారు. ఇవి ముఖ్యంగా నాలుగో నెల నుండి ఉన్నవారికి.

మొదటి మూడు నెలలు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. ఇది వెన్నుపాము లోపాలను చాలావరకు అడ్డుకుంటుంది. బిడ్డ కావాలనుకొనేవారు గర్భం రాకముందే మొదలుపెడితే పూర్తి మేలు. నాలుగో నెల నుండి ఇనుము మాత్రలు 180 రోజులు ఇస్తారు.

మూర్ఛకు, రక్తపోటుకు, చక్కెర జబ్బుకు మందులు వాడేవారు వాటిని తమంతట తాము ఆపకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పి, అవసరమైతే మందు మార్పించుకోవాలి. ఎక్స్‌రే తీసేముందు నెల తప్పిన సంగతి చెప్పాలి. మిరప, పత్తి చేలల్లో పురుగు మందు కలపడానికి, కొట్టడానికి వెళ్ళకూడదు. నెల తప్పగానే షాపులో అడిగి ‘బహిష్టు వచ్చే మాత్రలు’ మింగడం మహా ప్రమాదం. అధిక రక్తస్రావంతో ప్రాణం మీదికి రావచ్చు.

ఒక్క గంట కూడా ఆగకూడని గుర్తులు

పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం కొసన నొప్పి, కొద్దిగానైనా రక్తస్రావం. ఇవి గర్భం గొట్టంలో పెరిగి పగులుతున్నదనడానికి గుర్తులు కావచ్చు. సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోను చేయండి. రక్తం ఎక్కువగా పోతున్నా అంతే. మంచినీళ్ళు కూడా నిలవకుండా రోజంతా వాంతులై, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే అవి మామూలు వేవిళ్ళు కావు. సెలైను ఎక్కించవలసి ఉంటుంది.

అత్తలారా, భర్తలారా, ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. కావలసింది కోడలు భయం లేకుండా నోరు విప్పగలిగే ఇల్లు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల తనంతట తాను చెప్పుకోలేదు. ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళలేదు. ఆమె ముఖం వాడినప్పుడు, అన్నం ముందు నుండి లేచిపోయినప్పుడు చిరాకు పడక, దగ్గర కూర్చోబెట్టుకొని తేదీ అడగండి. ఊరికి మూడు నెలల తరువాత చెప్పినా సరే, నర్సు దగ్గరకు మాత్రం ఈ వారమే తీసుకువెళ్ళండి.