చెరువా, సెలవులా, అమ్మమ్మా?

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను వదలడం లేదు. తొమ్మిదేళ్ల కొడుకున్న ఒక తల్లి రాశారు. బడి ఉన్న రోజు పొద్దున్నే పిల్లాడికి కడుపునొప్పి. డాక్టరుగారు చూసి పొట్టలో ఏ లోపమూ లేదన్నారు. పరీక్షల ముందు రాత్రయితే నిద్ర ఉండదు, "మర్చిపోతే ఎలా అమ్మా" అని నాలుగైదుసార్లు లేపుతాడు. అదే పిల్లాడు సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్తే పొద్దస్తమానం చెరువుగట్టు మీదే ఉంటాడు. తూనీగల్నీ కొంగల్నీ చూస్తూ కూర్చుంటాడు. కడుపునొప్పి ఊసే ఉండదు. ఇంత రాసి, చివర్లో ఆవిడ అడిగారు: "వాడికి తగ్గించేది చెరువా, సెలవులా, మా అమ్మా?"

ఎంత చక్కని ప్రశ్న! పచ్చదనం మీద పనిచేసే పరిశోధకులు ఏళ్ల తరబడి విడదీయడానికి కష్టపడిన ముడి సరిగ్గా ఇదే.

ముందుగా ఒక్క మాట. ఆ కడుపునొప్పి నటన కాదు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం ప్రమాదం ఉందనుకోగానే గుండె వేగం పెరుగుతుంది, జీర్ణకోశానికి వెళ్లే రక్తం తగ్గి కండరాలకి మళ్లుతుంది, పొట్ట బిగుసుకుంటుంది. ఎదురుగా ఉన్నది పులా, లెక్కల పరీక్షా అన్న తేడా శరీరం పెద్దగా పాటించదు. నొప్పి నిజంగానే వస్తుంది.

ఇక చెరువు సంగతి. "చెట్ల దగ్గర ఆక్సిజన్ ఎక్కువ, అందుకే హాయి" అని మన ఇళ్లలో అందరూ చెప్పేదే. బడి పుస్తకాలు చదివిన పెద్దవాళ్లూ చెబుతారు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అడవిలోనూ అంతే, బస్టాండులోనూ అంతే. చెట్టు నీడన దుమ్మూ వేడీ తగ్గుతాయి, నిజమే. కానీ ఆ పిల్లాడి గుబులు తగ్గడానికి ఆక్సిజన్ కారణం కాదు. అసలు కారణం ఇంతకన్నా అందంగా ఉంది. నాకు ఎంతో ఇష్టమైన సంగతి కనుక కాస్త తీరిగ్గా చెబుతాను.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అనే దంపతులు మనోవిజ్ఞానం బోధించేవారు. 1970ల్లో వాళ్లు రెండేసి వారాలు అడవుల్లో నడిచివచ్చినవాళ్లని గమనించారు. తిరిగివచ్చాక వాళ్ల మనసు తేటపడినట్టుండటం చూసి, ఎందుకని ఆలోచిస్తూ పోయారు. 1989లో పుస్తకంగా వెలువడిన వాళ్ల సిద్ధాంతం శ్రద్ధ గురించి.

శ్రద్ధ రెండు రకాలని అంతకు వందేళ్ల క్రితమే మనోవిజ్ఞాని విలియం జేమ్స్ అన్నాడు. మనం పెట్టే శ్రద్ధ ఒకటి. దానంతట అది పోయే శ్రద్ధ మరొకటి. ఎక్కం అప్పజెప్పడం మొదటి రకం, ఎగిరే పిట్ట వెంట చూపు పోవడం రెండో రకం. కాప్లాన్లు పట్టుకున్న కీలకం ఏమిటంటే, మొదటి రకానికి అలసట ఉంది. ఎందుకు? శ్రద్ధ పెట్టడమంటే ఒకదాన్ని చూడటం మాత్రమే కాదు, మిగతా వాటన్నిటినీ ఆపి ఉంచడం. పెద్ద గాలి వీస్తున్నప్పుడు గడియ లేని తలుపుని చేత్తో నొక్కిపట్టుకున్నట్టు ఉంటుంది ఆ పని. పక్కవాడి గుసగుస, ఫ్యాను చప్పుడు, నిన్న టీచరు అన్న మాట, అన్నీ ఆ తలుపుని తోస్తూనే ఉంటాయి. సాయంత్రానికి చెయ్యి లాగేస్తుంది.

విశ్రాంతి కావాలంటే చెయ్యి వదలాలి. వదిలితే ఏం లోపలికి వస్తుందన్నదే ప్రశ్న. టీవీలో ఛేజింగ్ సీను, రోడ్డు మీద లారీ హారను శ్రద్ధని జుట్టు పట్టి లాగుతాయి. అక్కడ మనసు ఊరుకోలేదు. నీటి మీద అలలు, ఆకుల కదలిక, కొంగ నడక మాత్రం చూపుని మెత్తగా పట్టుకుంటాయి. చూడాలనిపిస్తుంది, చూడకపోయినా నష్టం లేదు. తలుపు నొక్కిపట్టే అవసరం పోతుంది, చెయ్యి తేరుకుంటుంది. ఈ మెత్తని ఆకర్షణే కాప్లాన్ల సిద్ధాంతానికి ఆయువుపట్టు. న్యూయార్క్ సెంట్రల్ పార్కుని రూపొందించిన ఓమ్‌స్టెడ్, ప్రకృతి దృశ్యం మనసు చేత అలసట లేకుండా పనిచేయిస్తుందన్న భావాన్ని 1865లోనే కాగితం మీద పెట్టాడు. తోటలు వేసేవాడికి ముందే తెలిసిపోయిందన్నమాట!

మరి గుబులుకీ దీనికీ ఏమిటి సంబంధం? తలుపుని బయటినుంచి తోసేవి చప్పుళ్లయితే, లోపలినుంచి తోసేది గుబులు. "మర్చిపోతే ఎలా" అన్న ఆలోచన అరిగిపోయిన రికార్డులా తిరుగుతూ, చదువుకి కావలసిన శ్రద్ధనే తినేస్తుంది. ఇలా ఒకే బెంగని పదేపదే తిప్పడాన్ని మనోవిజ్ఞానులు రూమినేషన్ అంటారు. ఆవు నెమరువేయడానికీ ఇంగ్లీషులో అదే మాట. మనం తీపి జ్ఞాపకాల్ని నెమరువేసుకుంటాం అంటాం కానీ, ఈ పిల్లలు నమిలేది చేదుని. ఆపడానికి శ్రద్ధ కావాలి, ఆ శ్రద్ధేమో అప్పటికే అలసి ఉంది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకి వద్దాం. సెలవునీ అమ్మమ్మనీ పక్కనపెట్టి చెరువుని మాత్రమే పరీక్షించడం ఎలా? 2008లో మార్క్ బెర్మన్ బృందం ఒకే మనుషుల్ని ఒక వారం చెట్ల తోటలో, మరో వారం ఊరి నడిబొడ్డున నడిపించింది. నడక అంతే, మనుషులూ వాళ్లే. వచ్చాక అంకెలు తిరగేసి చెప్పమన్నారు. 7, 3, 9, 2 అంటే 2, 9, 3, 7 అనాలి. తోటలో నడిచాక మెరుగ్గా చెప్పారు. అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. కొందరు జనవరిలో, మిషిగన్ చలిలో నడిచారు. ఆ నడక వాళ్లకేమీ సరదాగా లేదు. ఫలితం మాత్రం అలాగే వచ్చింది. "సంతోషంగా ఉంటే అన్నీ బాగుంటాయి, అంతే కదా" అని కొట్టిపారేసినవాళ్లకి ఇది గట్టి జవాబు.

2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ అనే పరిశోధకుడు 38 మందిని తీసుకుని, కొందరిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దగ్గరి పచ్చికమైదానాల్లోకీ, కొందరిని రద్దీ రోడ్డు పక్కకీ 90 నిమిషాల నడకకి పంపాడు. పచ్చికలో నడిచినవాళ్లలో ఆ చేదు నెమరువేత తగ్గింది. దానితో ముడిపడిన మెదడు భాగంలో చురుకూ తగ్గింది. 2022లో బెర్లిన్ పరిశోధకులు 63 మందిని ఒక గంట నడిపించారు. సగం మంది గ్రూనెవాల్డ్ అడవిలో, సగం మంది దుకాణాల వీధిలో. అడవికి వెళ్లివచ్చినవాళ్ల అమిగ్డలా ఉద్రేకం తగ్గింది. వీధిలో నడిచినవాళ్లలో ఉన్నది ఉన్నట్టే ఉంది. అమ్మమ్మలు లేరు, సెలవులు లేవు. చెట్లున్నాయి.

వీళ్లందరూ పెద్దవాళ్లు. పిల్లల సంగతికొస్తే, 2003లో నాన్సీ వెల్స్, గ్యారీ ఎవాన్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లెల్లో 337 మందిని చూశారు. మూడు నుంచి అయిదో తరగతి వాళ్లు, అంటే మన పిల్లాడి ఈడువాళ్లే. ఇంటి చుట్టూ పచ్చదనం ఎక్కువున్నవాళ్లని కష్టాలు తక్కువగా కుంగదీశాయి. 2009లో ఆండ్రియా ఫేబర్ టేలర్, ఫ్రాన్సెస్ కువో శ్రద్ధ నిలవని జబ్బున్న 17 మంది పిల్లల్ని 20 నిమిషాలు పార్కులో తిప్పితే ఏకాగ్రత మెరుగైంది. ఇది మందుకి బదులని అర్థం చేసుకున్నవాళ్లు ఉన్నారు. అది తప్పు. ఆ పరిశోధకులు మందు మానమని చెప్పలేదు. గుబులు వల్ల పిల్లాడు బడి మానేస్తున్నా, తిండీ నిద్రా చెడుతున్నా మానసిక నిపుణుల్ని కలవాలి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇదంతా ఆచరణలో పెట్టడం గురించి చెప్పాలంటే నాకు మాట కటువుగానే వస్తుంది. కెనడాలో డాక్టర్లు చీటీ మీద ప్రకృతిని రాసిస్తున్నారు, వారానికి రెండు గంటలు, ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు. మన పట్టణాల్లో ఆ చీటీ తీసుకుని పిల్లాడు ఎక్కడికి వెళ్లాలి? అపార్టుమెంటులో నడిపే బళ్లలో ఆవరణకి సిమెంటు, గోడకి అడవి బొమ్మ. పార్కులుంటే పలకలు పరిచిన బాట, గడ్డి మీద కాలు పెట్టొద్దని బోర్డు. మైదానం లేని బడికి అనుమతి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

అమ్మా, మీ ప్రశ్నకి నా జవాబు: మీ అమ్మగారి వాటా చాలా ఉంది, సెలవుల వాటా కూడా ఉంది, వాటిని తీసేసినా చెరువుకి మిగిలేది ఉంది. అది మీ ఊళ్లోనూ దొరుకుతుంది. ఒక కానుగచెట్టు, దాని కింద వారానికి రెండు సాయంత్రాలు, ఫోను లేకుండా. దయచేసి పిట్టల్ని లెక్కపెట్టమనకండి, ఇంటికొచ్చాక వ్యాసం రాయించకండి. అలా చేస్తే తలుపు మళ్లీ చేత్తో పట్టుకోవలసి వస్తుంది. వాణ్ణి ఊరికే చూడనివ్వండి. ఈసారి ఉత్తరంలో, ఆ చెరువు మీద లకుముకి పిట్ట వాలుతుందేమో వాణ్ణడిగి రాయండి.