డిస్కు మీద పచ్చబొట్టు

పాటలూ, ఫోటోలూ దాచుకోవడానికి ఒకప్పుడు విరివిగా వాడిన సి.డి. బిళ్ళలను మీరు చూసే ఉంటారు. ఇప్పుడు వాటి పని చాలావరకు పెన్ డ్రైవులు చేస్తున్నాయి. అయినా, మనం రాసుకోవడానికి వీలైన పాత బిళ్ళ ఒకటి (దీన్నే సి.డి.-ఆర్ అంటారు) దొరికితే, దాని మెరిసే వైపును దీపం కింద ఏటవాలుగా పట్టి చూడండి. సగం వరకే రాసిన బిళ్ళ అయితే లోపలి భాగం ఒక ఛాయలో, బయటి భాగం మరొక ఛాయలో కనిపిస్తుంది. రెండింటి నడుమ కంపాసుతో గీసినట్టు ఒక హద్దు ఉంటుంది. అంటే రాసిన చోటు కంటికి తెలుస్తున్నదన్న మాట! మరి అక్కడ పాటకు బదులు బొమ్మనే గీయలేమా?

గీయవచ్చు. సంగీత వాద్యాలకు పేరుపొందిన జపాను సంస్థ యమహా 2002లో ఇందుకు పనికివచ్చే డ్రైవును తయారు చేసింది. సమాచారం రాయగా మిగిలిన బయటి వలయంలో అది బొమ్మ గీసేది. ఆ విద్యకు వారు పెట్టిన పేరు 'డిస్క్ టాటూ'. టాటూ అంటే పచ్చబొట్టు.

బిళ్ళలో ఏముంది?

సి.డి. వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. సి.డి.-ఆర్‌లో పారదర్శకమైన ప్లాస్టిక్కు మీద పలుచని రంగు పూత, దానిపైన అద్దంలా మెరిసే వెండి లేదా బంగారు పొర ఉంటాయి. ప్లాస్టిక్కులో జిలేబీ చుట్టలాగా లోపలి నుంచి బయటికి ఒకే ఒక గాడి సాగుతుంది. పక్కపక్క చుట్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఒక తల వెంట్రుక మందంలో సుమారు 40 చుట్లు ఇముడుతాయి!

రాసేటప్పుడు లేసరు కిరణం ఈ గాడి వెంట పోతూ రంగు పూతను అక్కడక్కడ వేడితో మారుస్తుంది. మారిన చోట కాంతి తక్కువగా పరావర్తనం చెందుతుంది. ఈ మచ్చలు ఒక్కొక్కటిగా కంటికి ఆనవు. కాని వార్తాపత్రికలోని ఫోటోను భూతద్దంతో చూడండి. అంతా చుక్కలే! చుక్కలు దట్టమైతే ముదురు, పలచబడితే లేత. ఇక్కడా సూత్రం అదే.

అంకెలతో బొమ్మ

మామూలు డ్రైవుతో కూడా బొమ్మ గీసే ప్రోగ్రాములను కొందరు రాశారు. కంప్యూటరు 0 నుంచి 255 వరకు గల ప్రతి సంఖ్యకూ 14 గడుల నమూనా ఒకటి ఉంటుంది. దాన్ని బట్టే మచ్చల పొడవులు, ఖాళీల పొడవులు ఏర్పడతాయి. కొన్ని సంఖ్యలను వరసగా రాస్తే ఆ చోటు కాస్త ముదురుగా, మరికొన్నిటిని రాస్తే కాస్త లేతగా కనిపిస్తుంది. ఏ చోట ఏ సంఖ్య పడాలో ముందే లెక్క కట్టాలి.

ఇందులో చిక్కులు రెండు. మొదటిది: బిళ్ళ మీద గీత పడినా పాట చెడకుండా ఉండడానికి, పక్కపక్క సంఖ్యలను డ్రైవు దాదాపు 2 సెంటీమీటర్ల మేర చెదరగొట్టి రాస్తుంది. అందువల్ల చెదిరిన తరువాత సరైన చోట పడేలా సంఖ్యలను ముందే తారుమారు చేసి ఇవ్వాలి.

రెండవది ఇంకా కఠినం. గాడి మొదటి చుట్టు వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లు అనుకున్నాం. నిజానికి అది 25.01 అయితే? తేడా మిల్లీమీటరులో నూరవ వంతే. కాని వ్యాసార్ధం 0.01 పెరిగితే పరిధి 2 × 3.14 × 0.01, అంటే సుమారు 0.063 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ప్రతి చుట్టులోనూ బొమ్మ అంత పక్కకు జరుగుతుంది. 1000 చుట్లు తిరిగేసరికి 63 మిల్లీమీటర్లు! లోపలి చుట్టు మొత్తం పొడవే 157 మిల్లీమీటర్లు. 1000 చుట్లంటే వెడల్పులో 1.6 మిల్లీమీటర్లే. ఆ కాస్తలోనే బొమ్మ మెలితిరిగి గుర్తు పట్టరాకుండా పోతుంది. పైగా బిళ్ళ తయారీని బట్టి ఈ కొలతలు కొద్దిగా మారుతాయి. కనుక ఒక రకం బిళ్ళకు కుదిరిన లెక్క మరొక రకానికి కుదరకపోవచ్చు.

ఇంతా చేసి గీసిన బొమ్మ డ్రైవుకు కనిపించదు. దానికి అది అర్థంలేని సంఖ్యల వరస. చూసే కన్ను మనదే. సమాచారం గాలిలో ఉండే వస్తువు కాదు. ప్రతి సంఖ్యకూ బిళ్ళ మీద ఒక చోటు, ఒక పొడవు ఉన్నాయి. ఈ బొమ్మ ఆ సంగతిని మన కంటికి చూపిస్తుంది.

మీరే లెక్క కట్టండి: రాతకు పనికివచ్చే వలయం లోపలి వ్యాసార్ధం 25, బయటిది 58 మిల్లీమీటర్లు. వలయ వైశాల్యాన్ని చుట్ల మధ్య దూరంతో భాగిస్తే గాడి పొడవు వస్తుంది. జవాబు 5 కిలోమీటర్లు దాటాలి!

హెచ్చరిక: డ్రైవును విప్పి చూడవద్దు. సి.డి.ని రాసే లేసరు పరారుణ కాంతి. కంటికి సరిగా కనిపించకుండానే కంటిని దెబ్బ తీస్తుంది.