ఒక్కసారే నమోదు: జర్మనీలో సమాచార వ్యవస్థల యాభై ఏళ్లు

కర్మాగారం గేటు దగ్గరికి ముడిసరుకు లారీ వచ్చిందంటే ఆ సంగతి కనీసం నలుగురికి తెలియాలి. గోదాము వాళ్లు సరుకు దించుకుని నిల్వల పుస్తకంలో రాసుకోవాలి. కొనుగోళ్ల విభాగం తాను పెట్టిన ఆర్డరుతో సరిచూసుకోవాలి. ఎకౌంట్స్ విభాగం సరఫరాదారుకు ఇవ్వాల్సిన బాకీగా చూపాలి. రేపటి ఉత్పత్తికి లెక్కలు వేసేవాళ్లకు ఎంత సరుకు చేతిలో ఉందో అందాలి. నాలుగు చోట్ల నాలుగు పుస్తకాలుంటే నాలుగు అంకెలు పుడతాయి. నెలాఖరుకు వాటిని కలపడానికి మనుషులు కూర్చోవాలి. కలిసేసరికి అవి పాతబడిపోతాయి. సంస్థల్లో సమాచార నిర్వహణ అనే పెద్ద మాట వెనకున్న అసలు చిక్కు ఇదే. కంప్యూటర్లు వచ్చినంత మాత్రాన ఇది తీరలేదు. ప్రతి విభాగమూ తనకంటూ ఒక ప్రోగ్రాము రాయించుకుంది. పాత పుస్తకాలు నాలుగూ యంత్రాల్లోకి చేరాయి, అంకెలు మాత్రం కలవలేదు.

ఈ చిక్కుకు ఒక జవాబు 1972లో జర్మనీలో మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఐబీఎం జర్మనీ శాఖ నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఉద్యోగులు డీట్మార్ హాప్, హాసో ప్లాట్నర్, క్లౌస్ చీరా, క్లౌస్ వెలెన్‌రాయ్టర్, హాన్స్ వెర్నర్ హెక్టర్ కలిసి మన్‌హైమ్ పక్కనున్న వైన్‌హైమ్‌లో ఒక కంపెనీ పెట్టారు. నేడు ప్రపంచమంతా శాప్ అని పిలిచేది దాన్నే. అప్పట్లో లావాదేవీల వివరాలను కార్డుల మీద చిల్లులుగా పొడిచి, ఆ కార్డులను కట్టలుగా పోగేసి, ఒక వేళ చూసి యంత్రంలో పెట్టి నడిపేవారు. ఫలితం ఆ తర్వాతెప్పుడో కాగితం మీద వచ్చేది. కొత్త కంపెనీ ఒక్క మాట మీద పట్టుబట్టింది: సరుకు ఎక్కడ దిగితే అక్కడే, దిగినప్పుడే, ఆ పని చూసే మనిషే తెర ముందు కూర్చుని నమోదు చేయాలి. ఆర్/1, ఆర్/2, ఆర్/3 అన్న వాళ్ల ప్రోగ్రాముల పేర్లలో ఆర్ అక్షరం రియల్ టైమ్‌కి గుర్తు.

వాళ్ల తొలి ఖాతాదారు బ్రిటిష్ రసాయనాల కంపెనీ ఐసీఐ. ఓస్ట్రింగెన్ ఊళ్లో దానికి నైలాను దారం ఫ్యాక్టరీ ఉండేది. కొత్త కంపెనీకి సొంత కంప్యూటరు కూడా లేదు. ఖాతాదారుల ఆఫీసులకు వెళ్లి వాళ్ల యంత్రాల మీదే ప్రోగ్రాములు రాసేవారు. ఆ లోటే వాళ్లకు కలిసొచ్చింది అనాలి. ఒక ఫ్యాక్టరీలో పని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు ఎలా సాగుతుందో పక్కనే ఉండి చూశారు. 1973లో ఆర్థిక పద్దుల ప్రోగ్రాము సిద్ధమైంది. కొనుగోళ్లు, నిల్వలు, బిల్లుల తనిఖీ చూసే ప్రోగ్రాము తర్వాత దానికి తోడైంది. ఇందులో రాసింది అందులోకి దానంతటదే వెళ్లేది. ఆ రెండింటినీ కలిపిన అతుకులోనే కంపెనీ భవిష్యత్తంతా ఉంది. 1977లో వాల్డార్ఫ్‌కు మకాం మార్చింది. 1992లో వచ్చిన ఆర్/3 ఖరీదైన మెయిన్‌ఫ్రేములు లేకుండా మామూలు సర్వర్ల మీద నడవడంతో ఈ పద్ధతి మధ్యతరహా కంపెనీలకూ అందింది. 2015లో వచ్చిన ఎస్/4హానా డేటాను డిస్కు మీద కాక కంప్యూటరు మెమరీలోనే ఉంచి లెక్క తేలుస్తుంది.

పని నడిచే తీరు చూస్తే దీని బలం తెలుస్తుంది. గోదాము ఉద్యోగి ఆర్డరు సంఖ్య కొట్టి, వంద బస్తాలు అందాయని నమోదు చేస్తాడు. ఆ ఒక్క నమోదుతో రెండు పత్రాలు పుడతాయి. మొదటిది సరుకు పత్రం. నిల్వలో వంద బస్తాలు పెరుగుతాయి. రెండోది పద్దుల పత్రం. నిల్వ ఖాతాలో ఆ విలువ డెబిట్ అయి, అంతే మొత్తం జీఆర్/ఐఆర్ అనే మధ్యంతర ఖాతాలో క్రెడిట్ అవుతుంది. సరుకు వచ్చింది, బిల్లు ఇంకా రావాలి అని దాని అర్థం. తర్వాత సరఫరాదారు బిల్లు పంపితే, ఆర్డరులో ఒప్పుకున్న ధర, నిజంగా అందిన పరిమాణం, బిల్లులో అడిగిన మొత్తం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, హద్దు దాటిన తేడా ఉంటే వ్యవస్థ చెల్లింపును ఆపి ఉంచుతుంది. పొరపాటు పద్దు పడితే దాన్ని చెరిపేయడం కుదరదు. ఎదురు పద్దు వేసి రద్దు చేయాలి, రెండూ కనిపిస్తూనే ఉంటాయి. మొదట ఏం రాశారో తెలియకుండా పోయేలా ఏ పద్దునూ దిద్దకూడదన్నది జర్మన్ వాణిజ్య చట్టంలోనే ఉన్న నియమం.

ఇదంతా నడవాలంటే ముందు మనుషుల మధ్య ఒక ఒప్పందం కుదరాలి. ఒక బోల్టును కొనుగోళ్ల వాళ్లు ఒక పేరుతో, గోదాము వాళ్లు సైజుతో, డిజైను వాళ్లు డ్రాయింగు నంబరుతో పిలుస్తుంటే, ఆ మూడూ ఒకటేనని యంత్రానికి తెలియదు. మూడు వేర్వేరు సరుకులుగా ఉంచుతుంది. ఒక అరలో నిండుగా ఉండగానే ఇంకో పేరుతో కొత్త ఆర్డరు వెళ్తుంది. అందుకే ప్రతి సరుకుకూ ఒకే సంఖ్య, ప్రతి సరఫరాదారుకూ ప్రతి ఖాతాదారుకూ ఒకే రికార్డు ఉండాలి. దీన్నే మాస్టర్ డేటా అంటారు. కొత్త సంఖ్య ఎవరివ్వాలి? కొలత కిలోల్లోనా, డబ్బాల్లోనా? సరఫరాదారు బ్యాంకు ఖాతా మారితే దిద్దే హక్కు ఎవరిది, దాన్ని ఆమోదించే హక్కు ఎవరిది? పైకి ఇవి గుమాస్తా పనిలా కనిపిస్తాయి. కానీ సంస్థలో అధికారం ఎవరి చేతిలో ఉంటుందో తేల్చేవి ఈ ప్రశ్నలే. సొంత పుస్తకం ఉన్నన్నాళ్లూ విభాగాధిపతి చెప్పిందే అంకె. పుస్తకం అందరిదీ అయ్యాక ఆయన అంకెను పక్క గదివాళ్లూ చూస్తారు, నిలదీస్తారు. కొత్త వ్యవస్థ వచ్చిన చోట కనిపించే ప్రతిఘటనలో కంప్యూటరు మీది భయం కన్నా దీని పాలే ఎక్కువ.

హైదరాబాద్ అమీర్‌పేటలో శాప్ శిక్షణ కేంద్రాల మీద ఎంఎం, ఎస్‌డీ, ఫికో అన్న బోర్డులు దశాబ్దాలుగా కనిపిస్తున్నాయి. కొనుగోళ్లు, అమ్మకాలు, పద్దులు అంటూ ఒక ఫ్యాక్టరీలో ఉండే విభాగాలే ఆ కోర్సుల పేర్లుగా మారాయి. వాటిని నేర్చుకున్న తెలుగువారు అమెరికాలో, గల్ఫ్‌లో, జర్మనీలోనూ ఈ వ్యవస్థలను నిలబెడుతున్నారు. శాప్‌కు జర్మనీ బయట అతి పెద్ద అభివృద్ధి కేంద్రం బెంగళూరులో ఉంది.

ఇంటి పక్కనే పుట్టిన వ్యవస్థ అయినా జర్మన్ కంపెనీలన్నిటికీ అది అచ్చిరాలేదు. చిల్లర దుకాణాల సంస్థ లిడిల్ 2011లో తన పాత ప్రోగ్రాముల స్థానంలో శాప్ పెట్టాలని ఎల్విస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, 2018లో దాన్ని ఆపేసింది. అప్పటికి సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని పత్రికలు రాశాయి. ఎక్కువగా చెప్పుకున్న కారణం చిన్నదిగా కనిపిస్తుంది: నిల్వల విలువను లిడిల్ కొన్న ధరతో కట్టేది, ఆ సాఫ్ట్‌వేరు అమ్మకం ధరతో కట్టేలా రూపొందింది. సంస్థ తన అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేరును మార్చబోయింది. ఒక చోట మార్చితే దాన్ని ఆనుకున్న పదిచోట్ల మార్చాలి, ప్రతి కొత్త వెర్షనుకూ ఆ పనంతా మళ్లీ చేయాలి. అలాగని సాఫ్ట్‌వేరు చెప్పినట్టే సంస్థ నడవాలనడమూ సరి కాదు. ఏ అలవాటులో తమ వ్యాపారపు ప్రాణం ఉంది, ఏది ఊరికే పాతుకుపోయింది అని ప్రాజెక్టుకు ముందే వేరుచేసుకోవాలి. ఈ కసరత్తు ఇప్పుడు మరింత అవసరం. ఆర్/3కి వారసులుగా వచ్చిన వ్యవస్థలకు మామూలు మద్దతు 2027 చివరితో ముగుస్తుంది కాబట్టి వేల కంపెనీలు ఎస్/4హానాకు మారే పనిలో ఉన్నాయి.

ఒక కంపెనీ లోపల పుస్తకం ఒకటైతే సరే, వేర్వేరు కంపెనీల మధ్య సంగతేమిటి? ఒక కారులోని భాగాలు ఎన్నో కంపెనీల నుంచి వస్తాయి. అందరి డేటానూ ఒకచోట పోయడానికి ఎవరూ ఒప్పుకోరు. పోటీదారు చూస్తాడన్న భయం సహేతుకమే. 2021లో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, బాష్, శాప్ తదితర సంస్థలు కలిసి మొదలుపెట్టిన కటీనా-ఎక్స్ ఈ చిక్కుకు మరో దారి వెతికింది. ఇందులో డేటా ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎవరికి, ఏ పనికి, ఎంతకాలం చూపించవచ్చో యజమాని షరతులు పెడతాడు. కనెక్టర్ అనే ప్రోగ్రాము ఆ షరతులు చూసే తలుపు తీస్తుంది. పంచుకునేది మాస్టర్ డేటా నమూనా, అంటే భాగాన్ని ఏ పేరుతో, ఏ కొలతతో చెప్పాలన్న ఒప్పందం. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి. గనిలోని ముడిపదార్థం నుంచి కారు దాకా వివరాలు గొలుసుగా అందకపోతే అది నింపడమే సాధ్యం కాదు.

కంపెనీలకు ఇంత నేర్పిన దేశంలో ప్రభుత్వ కార్యాలయాలు మాత్రం వెనకబడ్డాయి. కొవిడ్ కాలంలో ఆ సంగతి లోకానికి తెలిసింది. ప్రయోగశాలలు పరీక్షల ఫలితాలను స్థానిక ఆరోగ్య కార్యాలయాలకు ఫ్యాక్సులో పంపేవి. అక్కడి ఉద్యోగులు వాటిని చూసి మళ్లీ టైపు చేసేవారు. అటువంటి కార్యాలయాలు నాలుగు వందల దాకా ఉంటే, వాటిలో వాడేవి రకరకాల సాఫ్ట్‌వేర్లు. విచిత్రమేమంటే సోర్మాస్ అనే మంచి వ్యవస్థను బ్రౌన్‌ష్వైగ్‌లోని హెల్మ్‌హోల్ట్జ్ పరిశోధన కేంద్రం అంతకు ముందే తయారుచేసింది, 2014లో ఎబోలా వచ్చినప్పుడు నైజీరియా కోసం. జర్మనీలోనే దాన్ని అన్ని కార్యాలయాల్లో పెట్టించడం కష్టమైంది. ఏ సాఫ్ట్‌వేరు వాడాలో నిర్ణయించుకునే హక్కు స్థానిక సంస్థలది మరి.

దీన్ని ఉత్త బద్ధకం అనుకుంటే పొరపాటు. 1939 జనగణనలో నాజీ ప్రభుత్వం ప్రతి మనిషి తాతలు, అవ్వలు యూదులా అని అడిగి రాయించుకుంది. ఆ జ్ఞాపకం ఉన్న సమాజం ప్రభుత్వపు జాబితాలను అనుమానంగానే చూస్తుంది. ప్రపంచంలో తొలి డేటా రక్షణ చట్టం 1970లో జర్మనీలోని హెస్సె రాష్ట్రం చేసింది. ప్రతి పౌరుడికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రతిపాదనను పశ్చిమ జర్మనీ పార్లమెంటు న్యాయ కమిటీ 1976లో కాదంది. అదే కాలంలో తూర్పు జర్మనీ తన ప్రజలకు అలాంటి సంఖ్య ఇచ్చింది. 1983 డిసెంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం కొత్తగా తలపెట్టిన జనగణన మీద వచ్చిన కేసులో తీర్పిస్తూ, తన గురించిన సమాచారం ఎవరికి ఎంత తెలియాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని చెప్పింది. ఈ తీర్పును ప్రగతికి అడ్డంకిగా చెప్పేవారున్నారు. నిజానికి అది మంచి వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పే షరతు: డేటా ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలి, ఎవరు చూశారో తెలియాలి.

పౌరులకు అందే 575 సేవలను 2022 చివరికల్లా ఆన్‌లైన్‌లోకి తేవాలని 2017లో చట్టం చేశారు. గడువు నాటికి వాటిలో కొద్ది భాగమే దేశమంతటా అందింది. 16 రాష్ట్రాలు, పదివేలకు పైగా పురపాలక సంస్థలు ఉన్న దేశంలో, ఒక రాష్ట్రం తయారుచేసింది మిగతావన్నీ వాడుకోవాలన్న సూత్రం పెట్టుకున్నా, అది కాగితం దాటి నడవడం కష్టమైంది. ఇంకో లోపం పని చేపట్టిన తీరులోనే ఉంది. ముందు దరఖాస్తు ఫారాలను వెబ్‌లో పెట్టారు, వెనకున్న రిజిస్టర్లను కలపలేదు. ఆన్‌లైన్‌లో వచ్చిన దరఖాస్తును ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకునే కార్యాలయాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని ప్రభుత్వం రెండోసారి అడగకూడదన్న నియమం ముందు పెట్టుకుని, 2001 నుంచే ఎక్స్-రోడ్ అనే మార్గంతో రిజిస్టర్లను అనుసంధానించిన ఎస్తోనియా చిన్న దేశమైనా ఈ విషయంలో చాలా ముందుంది.

బ్రెమెన్ నగరంలో మొదలైన ఎల్ఫె ప్రయత్నం మాత్రం సరైన చోట మొదలైంది. బిడ్డ పుడితే తల్లిదండ్రులు పేరు నమోదుకు ఒక కార్యాలయానికి, పిల్లల భత్యానికి ఇంకోదానికి, ఉద్యోగ విరామ భత్యానికి మూడోదానికి వెళ్లాలి. జీతం పత్రాలు కూడా జతచేయాలి. జనన వివరం ఆసుపత్రి నుంచి నమోదు కార్యాలయానికి ఎలాగూ వస్తుంది. జీతం వివరం యజమాని నుంచి పింఛను సంస్థ ద్వారా తెప్పించుకోవచ్చు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కార్యాలయాలు తమలో తామే మాట్లాడుకునేలా 2020లో ఫెడరల్ చట్టమే మార్చాల్సి వచ్చింది. కాగితం మోసే పని పచ్చి బాలింత ఇంటి నుంచి ఆఫీసులకు మారడం చిన్న మేలు కాదు.

2021 నాటి రిజిస్టర్ల ఆధునికీకరణ చట్టం ఈ పద్ధతినే దేశమంతటికీ విస్తరించాలని చూస్తోంది. పన్నుల కోసం ఇచ్చిన 11 అంకెల సంఖ్యను సుమారు 50 రిజిస్టర్లలో చేర్చి, ఒక మనిషి రికార్డులను గందరగోళం లేకుండా గుర్తించేలా చేయడం దాని ఉద్దేశం. ఆధార్‌కు అలవాటుపడ్డ మనకు ఇది కొత్తగా తోచదు కానీ, 1983 తీర్పు స్ఫూర్తికి ఇది సరిపోదని జర్మనీలో డేటా రక్షణ అధికారులే అభ్యంతరం చెప్పారు. అందుకే రెండు కాపలాలు పెట్టారు. వేర్వేరు రంగాల కార్యాలయాల మధ్య డేటా నేరుగా వెళ్లదు. అలా పంపే అధికారం ఉందా అని చూసే మధ్యవర్తి సంస్థ గుండా వెళ్తుంది. డేటా రక్షణ కాక్‌పిట్ అనే పుటలో పౌరుడు తన సంఖ్యతో ఏ కార్యాలయం దేన్నుంచి ఏ వివరం తీసుకుందో చూసుకోగలగాలి. 2025 మేలో తొలిసారిగా డిజిటల్ వ్యవహారాలకు, ప్రభుత్వ ఆధునికీకరణకు కలిపి ఒక ఫెడరల్ మంత్రిత్వ శాఖ ఏర్పడింది. రిజిస్టర్లను అనుసంధానించే పని ఇప్పుడు ఆ శాఖ బాధ్యత.