గిట్ అను చిట్టా పుస్తకము

మన విద్యార్థులలో పెక్కురు ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. వారి ఫోల్డరులను తెఱచి చూచితిమేని ‘మార్కులు’, ‘మార్కులు క్రొత్తది’, ‘మార్కులు చివరిది’, ‘మార్కులు నిజముగా చివరిది’ అను ఫైళ్లు వరుసగా నగపడును. వీనిలో ఏది నిజముగా చివరిదో వ్రాసినవానికే తెలియదు. నిన్నటివఱకు చక్కగా పనిచేసిన ప్రోగ్రాము నేడు నిలిచిపోగా, ఏ పంక్తిని మార్చితిమో జ్ఞప్తికి రాక, నెల దినముల శ్రమను విడిచిపెట్టిన బాలబాలికలు కలరు. ఈ చిక్కును తొలగించు సాధనమును గూర్చి యిచ్చట కొంత వ్రాయదలచితిమి.

దీనిని వర్షన్ కంట్రోల్ అందురు. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1972వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు మార్క్ రోచ్‌కిండ్ అను నాయన ఎస్.సి.సి.ఎస్. అను సాధనమును నిర్మించెను. నేడు మిక్కిలి వాడుకలోనున్న గిట్ అనునది 2005వ సంవత్సరము ఏప్రిలు నెలలో పుట్టినది. లినక్సు నిర్మాతలు అంతవఱకు బిట్‌కీపర్ అను సాధనమును ఉచితముగా వాడుకొనుచుండిరి. ఆ యనుమతి రద్దుకాగా లైనస్ టోర్వాల్డ్స్ తానే దీనిని వ్రాయ మొదలిడెను. వేలకొలది జనులు కూడి చేయు పనికై పుట్టినదైనను, ఒంటరిగా వ్రాసికొను విద్యార్థికిని ఇది తగియున్నదని మా యభిప్రాయము.

షావుకారు చిట్టా వ్రాయు తీరు నెఱిగినవారికి గిట్ సులభముగా బోధపడును. గిట్ ఇనిట్ అని ఒకమాఱు ఆజ్ఞ యిచ్చినచో ఆ ఫోల్డరులో మఱుగుగా నొక చిట్టా ఏర్పడును. గిట్ యాడ్ అను ఆజ్ఞ ఏ మార్పులను పద్దులోని కెక్కింపవలెనో చెప్పును; గిట్ కమిట్ పద్దు వ్రాయును. ప్రతి పద్దునందును అప్పటి ఫైళ్ల స్వరూపము, వ్రాసినవాని పేరు, కాలము, మార్పునకు కారణము, ముందరి పద్దు గుర్తు ఉండును. మారని ఫైలునకు మఱల నకలు తీయబడదు. వీనినన్నిటిని కలిపి లెక్కగట్టి, సాధారణముగా 40 అక్షరములు గల యొక గుర్తును గిట్ ఏర్పఱచును. ప్రాత పద్దులో ఒక్క చుక్క మార్చినను దాని గుర్తును, తరువాతి గుర్తులన్నియు మారిపోవును. ప్రాత గుర్తుల నెఱిగినవానికి ఆ దిద్దుబాటు తెలియకపోదు. తప్పు పద్దు పడినచో షావుకారు దానిని కొట్టివేయక ఎదురు పద్దు వ్రాయును గదా. గిట్ రివర్ట్ చేయునదియు నిదియే.

పద్దునకు వ్రాయు కారణము స్పష్టముగా నుండవలెను. ‘మార్పులు చేసితిని’ అని వ్రాసిన నేమి ప్రయోజనము? ‘సున్న మార్కులున్నపుడు సగటు తప్పుగా వచ్చుట సవరించితిని’ అని వ్రాసినచో ఆఱు నెలల తరువాతను పనికివచ్చును.

తప్పు ఎప్పుడు ప్రవేశించెనో తెలియనపుడు గిట్ బైసెక్ట్ మిక్కిలి ఉపకరించును. అది మధ్యనున్న పద్దును మన ముందుంచును. మంచిదో చెడ్డదో పరీక్షించి చెప్పిన చాలును, మిగిలిన సగములో మఱల మధ్యదానిని చూపును. 1000 పద్దులున్నను సుమారు 10 పరీక్షలలో దోషము దొరకును. నిఘంటువులో మాట వెదకుట యిట్టిదే. అయితే నెల దినముల పనినంతయు ఒకే పద్దులో క్రుక్కినవానికి ఈ సౌకర్యము దక్కదు.

తలిదండ్రులు కూడ ఎఱుగదగిన సంగతులు రెండు కలవు. చిట్టా ఆ ఫోల్డరులోనే యుండును గనుక కంప్యూటరు చెడినచో చిట్టాయు దానితోనే పోవును. గిట్ పుష్ అను ఆజ్ఞచే వేఱొక యంత్రమునకు ప్రతిని పంపుచుండవలెను. రెండవది, పాస్‌వర్డు వ్రాసిన ఫైలు ఒకసారి పద్దులో చేరినచో, పిదప దానిని తీసివేసినను ప్రాత పద్దులో నిలిచియే యుండును. అట్టి ఫైలు పేరును ముందుగానే గిట్‌ఇగ్నోర్ అను ఫైలులో వ్రాసియుంచవలెను. అది యితరుల కంటబడినచో మొదట ఆ పాస్‌వర్డును మార్చివేయవలయును. చిట్టాను శుభ్రపఱచుట తరువాతి పని.