బ్రేక్ డిస్క్‌కు తుప్పు: రంగు ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

రాత్రి వాన పడితే తెల్లారేసరికి కారు చక్రాల సందుల్లోంచి బ్రేక్ డిస్క్ ఎర్రగా కనబడుతుంది. కొత్తగా కారు కొన్నవాళ్లకు అది చూడగానే దిగులు పట్టుకుంటుంది. 'డిస్కులకు తుప్పు పట్టిందన్నా, ఒక కోటు సిల్వర్ పెయింట్ కొట్టించెయ్' అని చెప్పేవాళ్లూ తయారుగా ఉంటారు. తాడిమర్రిలో ఉన్నా, ధర్మవరంలో ఉన్నా, పెనుకొండలో ఉన్నా ఆ మాట విని నేరుగా పెయింట్ అంగడికి పోకండి. తుప్పు వల్ల రాని ప్రమాదం ఆ రంగు వల్ల వస్తుంది. అలాగని డిస్క్‌కు రంగే కూడదని కాదు. ఒకే డిస్క్‌లో రంగు వేసుకోదగ్గ చోటు ఉంది, చుక్క కూడా పడకూడని చోటు ఉంది.

ముందు డిస్క్‌ను ఒకసారి సరిగా చూడాలి. మధ్యలో టోపీలా పైకి లేచిన భాగం హబ్ మీద కూర్చుంటుంది. దాని చుట్టూ నున్నగా మెరిసే వెడల్పాటి ముఖం ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు రెండు పక్కల నుంచీ పట్టుకునేది దీన్నే. ముందు చక్రాల డిస్కులు చాలా కార్లలో రెండు పొరలుగా ఉంటాయి, ఆ పొరల నడుమ గాలి ఆడే సందులుంటాయి. అన్నిటికంటే బయట అంచు. ఈ మొత్తాన్నీ పోత ఇనుముతో పోస్తారు. అందులో నూటికి మూడు పాళ్లకు పైగా కార్బన్ ఉంటుంది, అది సన్నని గ్రాఫైట్ రేకుల రూపంలో లోహమంతా పరుచుకుని ఉంటుంది. వేడిని త్వరగా లాగేసేది, అదురును, కీచు శబ్దాన్ని అణిచేసేది ఆ రేకులే. చవక కూడా. ఇన్ని మంచి గుణాలున్న లోహానికి ఉన్న ఒక్క లోపం, నీళ్లూ గాలీ తగిలితే గంటల్లో తుప్పు పట్టడం.

అపోహ: డిస్క్ ముఖం మీద తుప్పు కనిపిస్తే డిస్క్ పాడైనట్టే.

ఒక్క రాత్రిలో పట్టే తుప్పు పైపైన పట్టే పలుచని పొర. బండి తీసి నాలుగైదు సార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. ఆ మొదటి తొక్కుల్లో కొంచెం గరగర శబ్దం రావడం మామూలే. షోరూమ్ యార్డులో కొత్త కారు డిస్కులు ఎర్రగా ఉంటే 'పాత స్టాకు అంటగడుతున్నారు' అని తగవు పెట్టుకునేవాళ్లున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ బయటికి రావడం మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతం వాళ్లకు కొత్త కార్లు బారులు తీరి ఆరుబయట నిలబడి ఉండటం అలవాటైన దృశ్యమే. అలా వానకూ మంచుకూ నిలబడ్డ ఏ కంపెనీ కారుకైనా డిస్క్ ముఖం ఎర్రబడుతుంది. కారు ఎప్పుడు తయారైందో తెలుసుకోవాలంటే పత్రాల్లో తయారీ నెల, సంవత్సరం చూడండి. డిస్క్ రంగు ఆ సంగతి చెప్పదు.

అపోహ: బైకు డిస్క్‌కు తుప్పు పట్టదు, కారుదానికి పడుతుంది. కాబట్టి కారు డిస్క్ నాసిరకం.

బైకు డిస్క్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేస్తారు, ఎందుకంటే అది సన్నగా, తేలికగా ఉండాలి, పైగా అందరి కళ్లకూ కనబడేట్టు ఉంటుంది. వేడిని మోసుకుపోవడంలో మాత్రం పోత ఇనుము స్టెయిన్‌లెస్ కంటే దాదాపు రెండింతలు మేలు. టన్నుకు పైగా బరువున్న కారును నిలపాలంటే ముందు ఆ వేడి సంగతి చూడాలి, మెరుపు తర్వాత.

అపోహ: డిస్క్ మొత్తానికి హై టెంపరేచర్ పెయింట్ కొడితే తుప్పు బాధ పోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య రాపిడితోనే బండి ఆగుతుంది. ఆ రెండిటి మధ్యకు పెయింట్ వస్తే మొదటి బ్రేకులు జారతాయి. 'ఎలాగూ ప్యాడ్ గీకేస్తుంది కదా' అంటారు. గీకుతుంది, కానీ సమానంగా గీకదు. కొన్నిచోట్ల ఊడి, కొన్నిచోట్ల అంటుకుని, ఊడిన రంగు వేడికి మెత్తబడి ప్యాడ్‌లోకి దిగిపోతుంది. తర్వాత ఆ ప్యాడ్ నున్నగా గాజులా మారి పట్టు కోల్పోతుంది. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకూ బ్రేకు వేస్తూ దిగేటప్పుడు డిస్కులు వందల డిగ్రీలు వేడెక్కుతాయి. పిల్లాపాపలతో కొండ దిగే కుటుంబానికి ఆ సమయంలో కావలసింది ప్యాడ్ పట్టు తప్ప డిస్క్ అందం కాదు.

మరి ఎక్కడ వేయవచ్చు? చక్రం ఆనే చోటు వదిలి టోపీ భాగం బయటి పక్కన, బయటి అంచు మీద. ఈ రెండు చోట్లా ప్యాడ్ తగలదు కాబట్టి తుప్పు తనంతట తాను పోదు. ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పెరిగి అంచు పెచ్చులూడుతుంది. రంగు వేసే పని ఇలా సాగాలి. చక్రం విప్పి, బండిని జాకీ మీదే వదలకుండా గట్టి స్టాండు మీద నిలపాలి. తుప్పును వైర్ బ్రష్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు తీయాలి. డిస్క్ ముఖాన్ని రెండు పక్కలా టేపుతో, కాగితంతో పూర్తిగా కప్పాలి. 600 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న సిలికాన్ రకం పెయింట్‌నే పలుచగా రెండు మూడు కోట్లు వేయాలి. ఇంటి గేటుకు వేసే ఎనామెల్ ఆ వేడికి నిలవదు. గాలి సందుల్లోకి రంగు దట్టంగా పోనివ్వకూడదు, గాలి ఆడక డిస్క్ చల్లారడం తగ్గుతుంది.

షెడ్డుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటుంది. టోపీ లోపలి పక్క హబ్‌కు ఆనే తలానికి కూడా రంగు పూసేస్తారు. డిస్క్ తిరిగేటప్పుడు పక్కకు ఊగడం చాలా కార్లలో 0.05 మిల్లీమీటరు దాటకూడదు. ఒక కోటు పెయింటే ఇంచుమించు అంత మందం ఉంటుంది. హబ్ దగ్గర ఒక పక్క రంగు కాస్త మందంగా పడితే డిస్క్ అంచుకు వచ్చేసరికి ఆ తేడా పెరిగి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. అక్కడ పేరుకున్న తుప్పుతోనూ ఇదే కథ. అందుకే కొత్త డిస్క్ బిగించే ముందు హబ్‌ను లోహం కనబడేదాకా రుద్దించండి. చక్రం ఆనే చోట మందంగా రంగు ఉన్నా ప్రమాదమే. బిగించిన ఒత్తిడికి అది నలిగి పలచబడ్డాక వీల్ నట్లు వదులవుతాయి.

అపోహ: వాటర్ సర్వీసింగ్ అయ్యాక కింద డీజిలో, పాత ఇంజనాయిలో కొడితే డిస్కులకూ మంచిదే.

మంచిది కాదు. చాసిస్‌కు కొట్టే ఆయిల్ తుంపర డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు. డిస్క్‌నైతే బ్రేక్ క్లీనర్‌తో తుడవొచ్చు, ఆయిల్ పీల్చిన ప్యాడ్‌ను మాత్రం తీసి పారేసి కొత్తది వేయాల్సిందే. తలుపు కీలుకు కొట్టే స్ప్రే కూడా డిస్క్ దరిదాపులకు రాకూడదు. అండర్ కోటింగ్ చేయిస్తున్నట్టయితే పక్కనే నిలబడి చక్రాలు, డిస్కులు, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు కప్పాకే గన్ ఎత్తమని చెప్పండి. మొహమాటపడకండి.

అపోహ: కోటింగ్ ఉన్న డిస్క్ కొంటే జన్మలో తుప్పు పట్టదు.

ఇప్పుడు దొరికే చాలా డిస్కులకు జింకు, అల్యూమినియం రేకులు కలిపిన బూడిదరంగు పూత ఉంటుంది. దాని మందం 10 మైక్రాన్ల ప్రాంతంలో, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. కొన్ని డిస్కులకు ముఖం మీదా ఈ పూత వేసే పంపుతారు. ప్యాడ్లు దాన్ని మొదటి ప్రయాణాల్లోనే శుభ్రంగా అరగదీసేలా లెక్క చూసి, పరీక్షించి వేసినది కాబట్టి అక్కడ భయం లేదు. డబ్బా పెయింట్‌కూ దీనికీ పోలిక పెట్టకూడదు. ముఖం మీద పోయినా టోపీ, అంచు, గాలి సందుల్లో ఆ పూత నిలిచి కాపాడుతుంది. ముఖం మాత్రం వానకు మళ్లీ ఎర్రబడుతుంది.

ముఖాన్ని కూడా కాపాడే పద్ధతులు లేకపోలేదు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికాలో జనరల్ మోటార్స్ 2008 మోడళ్ల నుంచి కొన్ని కార్లకు డిస్కులను కొలిమిలో పెట్టి నైట్రోజన్, కార్బన్ పైపొరలోకి ఇంకేట్టు చేసింది. అది పూత కాదు, లోహం పైపొరే గట్టిపడటం. 2017లో పోర్షే కయెన్‌కు టంగ్‌స్టన్ కార్బైడ్ పొరతో డిస్కులు వచ్చాయి, అదే ఏడాది బాష్ కూడా అలాంటి డిస్క్‌ను ప్రకటించింది. ఇవి ఖరీదైన పనులు. మన మామూలు కార్లకు జింకు పూత డిస్క్ దొరికితే చాలు, పెద్ద తేడా లేని ధరకే అయితే నేను దాన్నే కొనమంటాను.

అపోహ: మాది వానల్లేని సీమ, ఇక్కడ డిస్కుల గురించి ఆలోచించనక్కర్లేదు.

సగం నిజం. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లే. విశాఖ, నెల్లూరు తీరాల్లో ఉప్పుగాలి చేసే నష్టం ఇక్కడ లేదు. అయితే ఇక్కడి డిస్కులకు ఇంకో బాధ ఉంది, బండి కదలకపోవడం. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ కారును ఊళ్లో ఇంటి ముందు వదిలేసి పోయే కుటుంబాలు తాడిమర్రి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్నాయి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో తడిసిన కారు వారాల తరబడి కదలకుంటే ప్యాడ్ కింద తడి ఆరదు. అక్కడ తుప్పు లోతుగా తిని ప్యాడ్ ఆకారంలో మచ్చ పడుతుంది. మామూలు బ్రేకులతో ఆ మచ్చ పోదు. లేత్ మీద పట్టించాలి, లేదా డిస్క్ మార్చాలి. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే వెనక డ్రమ్ములకు లైనింగులు అంటుకుపోవడమూ చూస్తుంటాం. కడిగిన తర్వాత బండిని ఊళ్లో ఒక చుట్టు తిప్పి, మెల్లగా బ్రేకులు వేసి ఆరబెట్టండి. సమతలంలో గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేసి పోండి. వారానికోసారి ఇంట్లోవాళ్లెవరైనా నడిపితే మరీ మంచిది.

తీరప్రాంతం నుంచి సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకునేవాళ్లు డిస్క్ బయటి ముఖం ఒక్కటే కాదు, లోపలి పక్కా, అంచూ టార్చి వేసి చూడండి. బయటికి నున్నగా ఉండి లోపలి పక్క గుంటలు పడి ఉండొచ్చు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పటిలా వరద నీళ్లలో నిలిచిన కారైతే డిస్క్ రంగు చూసి సంగతి తేల్చకండి. క్యాలిపర్ జారే పిన్నుల్లో బురద చేరిందా, బ్రేక్ ఆయిల్‌లో నీళ్లు కలిశాయా అన్నవి విప్పించి చూడాలి. పిన్ను పట్టేస్తే ఒక పక్క ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది, రెండోది తుప్పును గీకదు.

కరెంటు కార్ల డిస్కులకు తుప్పు బెడద ఎక్కువ. మోటారే బండిని ఆపి బ్యాటరీకి కరెంటు పంపుతుంది కాబట్టి ప్యాడ్లకు పని తగ్గి తుప్పు గీకేవాళ్లుండరు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 కార్లకు వెనక డ్రమ్ములే పెట్టడానికి ఇదొక కారణం. అలాంటి కారున్నవాళ్లు ఖాళీ రోడ్డు చూసుకుని అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు వేయాలి.

డిస్క్ మార్చాలా వద్దా అన్న అనుమానం వస్తే మెకానిక్‌ను మందం కొలవమనండి. కనీసం ఎంత మందం ఉండాలో డిస్క్ మీదే అంకెల్లో పోసి ఉంటుంది, చాలావాటికి అది టోపీ మీదో అంచు మీదో కనబడుతుంది. రంగు వేసేటప్పుడు ఆ అంకెలు కప్పబడిపోకుండా వాటి మీద చిన్న టేపు ముక్క అంటించమనండి.