అడుగు బాక్సులో టమాటా ఎందుకు నలగదు?

చింతామణి మార్కెట్లో టమాటా బాక్సుల వరుసలు చూసిన ఒక తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న ఇది. సరుకు రవాణాలోని కీలకమంతా దాని జవాబులోనే ఉంది.

బాక్సుకు 15 కిలోలనుకుందాం. ఏడు పేరిస్తే అన్నిటికన్నా కింద ఉన్నదాని మీద 90 కిలోలు పడతాయి. గంపల్లో అయితే ఆ బరువు కాయ మీంచి కాయకు దిగి, అడుగువాటిని పచ్చడి చేస్తుంది. ప్లాస్టిక్ బాక్సులో బరువు కాయల జోలికే పోదు. పై బాక్సు కింది బాక్సు అంచు మీద కూర్చుంటుంది. భారం అంచు నుంచి మూలలకు, మూలల నుంచి నేలకు దిగిపోతుంది, నాలుగు స్తంభాల మండపంలో లాగా. పలుచని గోడ ఒత్తిడికి వంగకుండా నిలువు పట్టీలు ఆపుతాయి. అడుగున చుట్టూ ఉన్న చిన్న మెట్టు కింది బాక్సు అంచులోకి ఇమిడిపోతుంది కాబట్టి లారీ సడన్‌గా బ్రేకు వేసినా వరుస జారదు. షరతు ఒక్కటే, కాయలు అంచు దాటకూడదు. నాలుగు కాయలు ఎక్కువ పోశారా, పై బాక్సు వాటి మీదే కూర్చుంటుంది.

ఇక గోడల్లోని సందులు. కోసిన తర్వాత కూడా టమాటా ఊపిరి పీలుస్తుంది, చక్కెరను ఖర్చు చేసి వేడిని వదులుతుంది. ఆ వేడి లోపలే ఉండిపోతే కాయ త్వరగా మెత్తబడుతుంది. లారీ కదిలితే చాలు, సందుల్లోంచి గాలి ఆడి ఆ వేడిని తీసుకుపోతుంది.

1953లో కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకంతో గట్టి పాలిథిన్ తయారీ తేలికైంది, ఇలాంటి బాక్సులకు దారి పడింది. ఇదే కిటుకు పెద్ద పెట్టెల్లోనూ ఉంది. 1956లో అమెరికా రవాణా వ్యాపారి మాల్కం మెక్‌లీన్ 58 కంటైనర్లను ఓడకెక్కించాడు. నేటి కంటైనర్ల బరువు మోసేదీ మూలల స్తంభాలే.

కంటైనరైతే తెరవకుండానే బండి మారుతుంది, మన పాత రైల్లో అలా కుదరలేదు. చిక్కబళ్లాపురం, చింతామణి మీదుగా ఒకప్పుడు నడిచిన చిన్న రైలుకు పట్టాల మధ్య దూరం 762 మి.మీ. ఒక కొస బంగారపేటలో బ్రాడ్ గేజ్, మరో కొస యశవంతపురలో మీటర్ గేజ్. ఏ కొసకు పోయినా సరుకు దించి మళ్లీ ఎక్కించాల్సిందే. లారీకి ఆ బాధ లేదు. తోట గట్టున ఎక్కిన బాక్సు బాగేపల్లి మీదుగా హైదరాబాద్ మండీలోనే దిగుతుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ, అందుకే బొగ్గు, సిమెంటు రైలెక్కాయి. నాజూకు సరుకు లారీకి పోయింది.

ఇప్పుడు ఆ చిన్న రైలు దారీ బ్రాడ్ గేజే. రైలు టమాటాను తిరిగి గెలుచుకోవాలంటే వేగం ఒక్కటే చాలదు. తోటలో నింపిన బాక్సు మండీ దాకా తెరవకుండా, కాయ మీద చెయ్యి పడకుండా చేరాలి.