ఆదిలాబాదు గోండుల, కోలాముల భూనష్టం

నిజాం పాలన చివరి దశకాలలో ఆదిలాబాదు జిల్లా గోండులు, కోలాములు తరతరాలుగా తాము సాగు చేసుకున్న, వేటాడుకున్న అడవిపై హక్కు కోల్పోయారు. 1940లో కొమురం భీము నాయకత్వంలో జరిగిన తిరుగుబాటుకు ఇదే మూలకారణం.

సాగు పద్ధతి

కోలాములు కొండవాలులలో చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తేవారు. దీనిని పోడు వ్యవసాయం అంటారు. గోండులు నాగలితో దున్నేవారు. అయితే పీఠభూమిపై ఉండే తేలికపాటి నేలలు కొన్నేళ్ళకే సారం కోల్పోతాయి. అందువలన వాటిని బీడు పెట్టి, వేరొక చోట సాగు చేసి, నేల కోలుకున్నాక తిరిగి వచ్చేవారు. పంట చాలని నెలలలో ఇప్పపువ్వు, తునికిపండ్లు, అడవి దుంపలు, వేట మాంసం వారిని ఆదుకొనేవి.

రిజర్వు అడవులు

ప్రభుత్వం రిజర్వు అడవులకు హద్దులు గీసేనాటికి ఈ బీడు భూములలో చెట్లు పెరిగి ఉన్నాయి. అధికారుల దృష్టిలో అది అడవి, గోండుల దృష్టిలో మళ్ళీ దున్నవలసిన చేను. చిక్కంతా ఇక్కడే ఉంది. బీడు పెట్టడానికి వీలులేక ఉన్న చేలనే ఏటేటా దున్నడంతో దిగుబడి పడిపోయింది. పోడును నిషేధించారు. పశువుల మేతకు బంచరాయి పన్ను, దానికి తోడు అటవీ ఉద్యోగుల మామూళ్ళు వచ్చిపడ్డాయి. బాబేఝరిలో గుడిసెలను తగులబెట్టారు.

మైదానంలోని నల్లరేగడి భూములు మరో విధంగా చేజారాయి. కాజీపేట - బల్హార్షా రైలుమార్గం వచ్చాక కరీంనగర్ వైపు నుండి, మరాఠీ ప్రాంతాల నుండి రైతులు, వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు. రెవెన్యూ వ్యవహారమంతా ఉర్దూలో సాగేది. పట్టా అంటే ఏమిటో తెలిసినవారికే పట్టాలు దక్కాయి. ఎందరో గోండులు తమ పాత చేలలోనే కౌలుదారులుగా, పాలేర్లుగా మిగిలారు.

తిరుగుబాటు, చట్టాలు

భీము, అతని అనుచరులు 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో మరణించారు. ఆ తరువాత మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో నివసించి గిరిజనుల స్థితిగతులను పరిశీలించాడు. అతని సూచనలతో వేలాది కుటుంబాలకు పట్టాలు లభించాయి. గిరిజన ప్రాంతాల పాలనకు 1946లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1959లో చేసిన ఆంధ్రప్రదేశ్ నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేసి, 1970లో మరింత కఠినం చేశారు. అమలు మాత్రం అంతంతమాత్రమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో, భూమి కోసం సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు.

2006 అటవీహక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుండి తమ అధీనంలో ఉన్న అటవీభూమిపై గిరిజనులు హక్కు కోరవచ్చు. బీడుగా వదిలిన భూమి విషయంలో ఆ ఆధారం చూపడం కష్టం.